ఏనుగు దండ వేసిన తర్వాత ఏమైంది? అనుకోకుండా పట్టం దక్కిన వాళ్ళ కథలు



ఈ వారం వీడియోలో ఉత్తర కుమారుడి కథ చెప్పుకున్నాం. సమయం చాలక గోగ్రహణంతో ఆపేశాం. ఆ కథ పక్కన పెట్టి చదువుకోవలసిన కథలు ఇంకా ఉన్నాయి. ఎవరూ ఊహించని మనిషి చేతికి ఉన్నట్టుండి పెత్తనం వస్తే ఏమవుతుంది, ఆ మనిషి ఏం చేయాలి అన్నదే ఈ పాఠం. నిదానంగా చదవండి, వీలైతే ఇంట్లో పెద్దవాళ్ళకు చదివి వినిపించండి.

జానపద కథ ఎక్కడ ఆగిపోతుంది?

మన అవ్వాతాతలు చెప్పిన కథ ఒకటి మీ అందరికీ తెలుసు. ఒక ఊళ్ళో రాజు చనిపోతాడు. బిడ్డలు లేరు. మంత్రులు పట్టపుటేనుగు తొండానికి పూలదండ ఇచ్చి వీధుల్లోకి వదులుతారు. అది ఎవరి మెడలో దండ వేస్తే వాడే రాజు. ఏనుగు సేనాపతిని దాటిపోతుంది, షావుకారిని దాటిపోతుంది. చివరికి చావడి అరుగు మీద తుండుగుడ్డ పరుచుకుని నిద్రపోతున్న బాటసారి మెడలో దండ వేస్తుంది. అప్పటి నుంచి వాడు సుఖంగా రాజ్యం ఏలుకున్నాడు, కథ కంచికి.

కుప్పం, పలమనేరు పక్క కౌండిన్య అడవి అంచున పైరు పెట్టుకునే రైతులకి ఏనుగు వచ్చిందంటే పూలదండ గుర్తుకు రాదు, తొక్కేసిన తోట గుర్తుకొస్తుంది. అయినా ఈ కథ చెప్తే వాళ్ళు కూడా నవ్వుకుంటూ వింటారు. ఎందుకంటే ఆ అరుగు మీద పడుకున్న మనిషి మనమే. మన గొప్పతనం ఎవరూ చూడలేదు, ఏదో ఒక రోజు ఏనుగు చూస్తుంది అని ప్రతి మనసులోనూ ఒక మూల ఆశ ఉంటుంది.

కానీ ఒక్క సంగతి గమనించండి. జానపద కథ దండ పడ్డ చోటే ఆగిపోతుంది. పురాణం అక్కడ మొదలవుతుంది. దండ పడింది సరే, మర్నాడు పొద్దున ఏం చేశాడు? తనను పెంచినవాళ్ళను ఎలా చూశాడు? తనను తొక్కాలనుకున్నవాళ్ళను ఏం చేశాడు? ఆఖరికి ఆ కుర్చీని ఎవరి చేతిలో పెట్టాడు? మనం నేర్చుకోవలసింది ఈ ప్రశ్నల్లో ఉంది.

మన ఊళ్ళలో భారతం

మదనపల్లె, పుంగనూరు, కుప్పం చుట్టుపక్కల పల్లెల్లో వేసవి వచ్చిందంటే భారతం పెడతారు. ద్రౌపదీ సమేత ధర్మరాజుల గుళ్ళ దగ్గర పద్దెనిమిది రోజులు, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ రోజులు, పగలు హరికథ, రాత్రి వీధి నాటకం. కర్ణాటక, తమిళనాడు సరిహద్దు కాబట్టి జనం మూడు భాషల వాళ్ళూ కలిసి కూర్చుంటారు. అర్జునుడి వేషధారి పాటలు పాడుకుంటూ తపస్సుమాను ఎక్కుతాడు. కొన్ని ఊళ్ళలో గోగ్రహణం రోజున నిజం ఆవులనే తోలుతారు. పుంగనూరు పొట్టి ఆవులకు పేరుపడిన సీమ కదా, ఆవుల కోసం యుద్ధం జరిగిందంటే మనవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. ఆఖరి రోజు మట్టితో చేసిన పెద్ద దుర్యోధనుడి బొమ్మ చుట్టూ భీముడు, దుర్యోధనుడు వేషాలు వేసినవాళ్ళు తిరుగుతారు. దుర్యోధన వధ అయిపోయి, సాయంత్రం అగ్నిగుండం తొక్కితే భారతం ముగిసినట్టు.

చాలామందికి కథ అక్కడితో పూర్తయిపోతుంది. కానీ ఇంత రక్తం పారించిన ఆ సింహాసనం మీద చివరికి ఎవరు కూర్చున్నారు? అది తెలుసుకోవాలంటే భారతంలో ముందు నుంచీ ఒక దారం పట్టుకుని రావాలి. ఆ దారానికి మొదటి ముడి ఉత్తరుడు.

ఉత్తరుడు: "గెలిచింది నేను కాదు"

నాటకంలో ఉత్తరుడి వేషం వస్తే పిల్లలు ముందుకు జరిగి కూర్చుంటారు, నవ్వొచ్చే వేషం కదా. విరాటరాజు సైన్యంతో సుశర్మ మీదికి పోయాడు. ఇంతలో కౌరవులు ఇంకోవైపు నుంచి ఆవులను తోలుకుపోయారు. గొల్లవాడు పరుగెత్తుకొచ్చాడు. కోటలో ఉన్న మగవాడు ఒక్కడే, యువరాజు ఉత్తరుడు. అంటే ఆ పూటకి మత్స్యదేశం బరువంతా అతని నెత్తి మీదే పడింది.

అంతఃపురంలో ఆడవాళ్ళ ముందు పెద్ద మాటలు చెప్పాడు. మంచి సారథి దొరికితే చాలు, కౌరవులను తరిమేస్తా అన్నాడు. సారథిగా బృహన్నల దొరికింది. తీరా కౌరవ సైన్యం కంటపడగానే రథం దూకి పరుగు! బృహన్నల వెంటపడి పట్టుకుంది. బంగారం ఇస్తాను వదిలెయ్యమని బతిమాలాడు. అప్పుడు అర్జునుడు ఒక మాట చెప్పాడు. నీకు యుద్ధం చేతకాకపోతే ఫరవాలేదు, పగ్గాలు పట్టుకో, యుద్ధం నేను చేస్తాను.

ఇక్కడ మనం నవ్వుకుని వదిలేస్తాం. కానీ ఉత్తరుడు ఆ పగ్గాలు పట్టుకున్నాడండీ. భీష్ముడు, ద్రోణుడు, కర్ణుడు ఉన్న సైన్యం ముందు రథం తోలాడు. ఇంటికొచ్చాక ఇంకా పెద్ద పని చేశాడు. గెలుపు నీదేనని చెప్పుకో అని అర్జునుడే అన్నాడు. ఊరంతా హారతులు సిద్ధం చేసింది. తండ్రి నిండుసభలో పొగుడుతున్నాడు. అప్పుడు ఉత్తరుడు, ఆవులను గెలిచింది నేను కాదు, ఒక దేవకుమారుడు వచ్చి గెలిచాడు, భయపడి పారిపోతున్న నన్ను కూడా ఆయనే ఆపాడు అని చెప్పాడు.

పొద్దున గొప్పలు చెప్పుకున్న కుర్రవాడు సాయంత్రానికి రాని గొప్పను కాదన్నాడు. ఒక్క రోజులో మనిషి పెద్దవాడయ్యాడు. చేతకానితనం తప్పు కాదు, చేతకాదని ఒప్పుకుని దగ్గరున్న పగ్గం పట్టుకోవడమే పెత్తనానికి మొదటి మెట్టు.

కర్ణుడు: కుర్చీ ఇచ్చినవాడికి కట్టుబడిన మనిషి

రెండో ముడి కర్ణుడు. ఈ భాగం కొంతమందికి కష్టంగా ఉండొచ్చు, ఎందుకంటే మనకు కర్ణుడంటే ప్రాణం.

రాజకుమారులు విద్యలు చూపించే రంగస్థలం. కర్ణుడు వచ్చి అర్జునుడికి సమానంగా విద్య చూపించాడు. ద్వంద్వ యుద్ధానికి పిలిచాడు. కృపాచార్యుడు నీ కులం ఏది, తల్లిదండ్రులు ఎవరు అని అడిగాడు. కర్ణుడు తలదించుకున్నాడు. ఆ క్షణంలో దుర్యోధనుడు లేచి అక్కడికక్కడే అంగరాజ్యానికి అభిషేకం చేయించాడు. ఏనుగు దండ వేయడం అంటే ఇదే! సూతుడి ఇంట పెరిగిన కుర్రవాడు కళ్ళముందే రాజయ్యాడు.

సరిగ్గా అప్పుడే పెంపుడు తండ్రి అధిరథుడు వచ్చాడు. ముసలివాడు, చేతిలో కర్ర, ఒళ్ళంతా చెమట, ఉత్తరీయం జారిపోతోంది. కొత్త రాజు ఏం చేశాడు? అభిషేకపు నీళ్ళు ఇంకా కారుతున్న తలను తండ్రి పాదాల ముందు వంచాడు. వేల మంది చూస్తుండగా. భీముడు ఎగతాళి చేస్తాడని తెలిసి కూడా. భారతం మొత్తంలో పట్టాభిషేకాలు ఎన్నో ఉన్నాయి, ఇంత నిండైన పట్టాభిషేకం ఇంకొకటి లేదు.

మరి పొరపాటు ఎక్కడ జరిగింది? రాజ్యానికి బదులుగా ఏమివ్వను అని కర్ణుడు అడిగితే, నీ స్నేహం చాలు అన్నాడు దుర్యోధనుడు. వినడానికి ఎంత తీయగా ఉందో చూడండి. కానీ దుర్యోధనుడికి ఆ రోజు కావలసింది అర్జునుడిని ఎదిరించే మనిషి. ఒక మనిషి తన అవసరం కోసం ఇచ్చిన కుర్చీ అది. దాని మీద కూర్చున్నవాడు కుర్చీ వెనుక ఉన్న అవసరానికి కూడా కట్టుబడిపోయాడు.

యుద్ధానికి ముందు శ్రీకృష్ణుడు కర్ణుడిని రథమెక్కించుకుని అసలు సంగతి చెప్పాడు. నువ్వు కుంతి పెద్ద కొడుకువి, రాజ్యం నీది, ధర్మరాజు నీ వెనుక నిలబడతాడు అన్నాడు. అప్పుడు కర్ణుడు చెప్పిన జవాబులో రెండు మాటలు గుర్తుపెట్టుకోవాలి. దుర్యోధనుడిని సంతోషపెట్టడానికి పాండవులను అన్న కటువైన మాటలకు ఇప్పుడు బాధపడుతున్నాను అన్నాడు. అంతకంటే పెద్ద మాట ఇంకొకటి. ఈ సంగతి ధర్మరాజుకి తెలిస్తే రాజ్యం తీసుకోడు, నాకే ఇస్తాడు, నేను దాన్ని తీసుకెళ్ళి దుర్యోధనుడికే ఇచ్చేస్తాను, అందుకే చెప్పొద్దు అన్నాడు.

అంటే తన చేతికొచ్చిన రాజ్యం ఎటు పోతుందో కర్ణుడికే తెలుసు. స్నేహధర్మం కదా, కృతజ్ఞత కదా అని మీరు అడగొచ్చు. నిజమే, కృతజ్ఞత గొప్ప గుణం. అయితే ఇచ్చినవాడికి చేతులు జోడించడం వేరు, ఇచ్చినవాడు చేసే అన్యాయానికి చేయి కలపడం వేరు. మొదటిది చేయాలి. రెండోది చేస్తే కుర్చీ మనది కాదు, మనమే కుర్చీ సొత్తు అయిపోతాం. సభలో ద్రౌపదికి జరిగింది చూస్తూ కూడా కర్ణుడు అటువైపే మాట్లాడాడంటే ఆ కట్టు ఎంత గట్టిదో అర్థమవుతుంది.

చంద్రహాసుడు: పట్టం రాగానే చేసిన మొదటి పని

కట్టు లేకుండా కుర్చీ ఎక్కినవాడు ఎలా ఉంటాడు? దానికి జైమిని భారతంలోని చంద్రహాసుడి కథ ఉంది. అశ్వమేధ గుర్రం వెంట వెళ్ళిన అర్జునుడికి నారదుడు చెప్పిన కథ ఇది.

కేరళ రాజు కొడుకు. పసితనంలోనే తల్లిదండ్రులు పోయారు. కుంతల నగరంలో ఒక దాది చేతుల్లో పెరిగాడు, ఆమె కూడా పోయింది. వీధి పిల్లవాడు. సాలగ్రామాన్ని నోట్లో దాచుకుని ఆడుకునేవాడట. ఈ పిల్లవాడే ఈ రాజ్యానికి రాజవుతాడు అని బ్రాహ్మణులు చెప్పిన మాట మంత్రి దుష్టబుద్ధి చెవిన పడింది. చంపమని మనుషులను పంపాడు. వాళ్ళకు జాలి కలిగి, కాలికి ఉన్న ఆరో వేలు కోసి ఆనవాలుగా చూపించారు. కుళిందుడనే నాయకుడు పిల్లవాడిని పెంచుకున్నాడు.

ఏళ్ళ తర్వాత మంత్రి మళ్ళీ గుర్తుపట్టాడు. ఇతనికి విషం ఇవ్వు అని కొడుకు మదనుడికి ఉత్తరం రాసి, దాన్ని చంద్రహాసుడి చేతికే ఇచ్చి పంపాడు. తోటలో నిద్రపోతున్న చంద్రహాసుడిని చూసిన మంత్రి కూతురు విషయ, ఉత్తరంలో ఒక్క అక్షరం మార్చింది. విషం కాస్తా విషయ అయింది, పెళ్ళి జరిగిపోయింది. మంత్రి మూడోసారి దేవి గుడిలో హంతకులను పెట్టి అల్లుడిని పూజకు పంపాడు. దారిలో మదనుడు ఎదురై, రాజుగారు నీకు రాజ్యం ఇస్తానంటున్నారు, నువ్వు అటు పో, పూజకు నేను పోతాను అన్నాడు. చంద్రహాసుడికి పట్టం, మదనుడికి మరణం. కొడుకు శవం చూసి మంత్రి కూడా అక్కడే ప్రాణం తీసుకున్నాడు.

ఇప్పుడు చూడండి. కొత్త రాజుకి తెలిసింది, ఈ మనిషి తనను మూడుసార్లు చంపించబోయాడని. శత్రువు దానంతట అదే తొలగిపోయింది. ఇంకొకడైతే ఊపిరి పీల్చుకునేవాడు. చంద్రహాసుడు గుడికి పరుగెత్తి, నా వల్ల వీళ్ళు పోయారని తన ప్రాణం ఇవ్వబోయాడు. దేవి ప్రత్యక్షమైతే అడిగిన వరం, మదనుడినీ దుష్టబుద్ధినీ బతికించమని.

ఎదురుచూడని పెత్తనం వచ్చినవాడి మనసు తెలియాలంటే అతను చేసిన మొదటి పని చూడాలి. పాత లెక్కలు తీర్చుకున్నాడా, మూసేశాడా?

ఈ కథకు మన సీమతో ఒక చుట్టరికం ఉంది. జైమిని భారతాన్ని తెలుగు కావ్యంగా రాసిన కవి పిల్లలమర్రి పినవీరభద్రుడు. దాన్ని అంకితం తీసుకున్నది సాళువ నరసింహరాయలు. ఆయన చంద్రగిరి నాయకుడు. విజయనగరాన్ని ఏలిన సంగమ వంశం బిడ్డ కాదు. ఆ వంశం బలహీనపడిపోయి సామ్రాజ్యం చెదిరిపోతుంటే 1485లో సింహాసనం తీసుకున్నాడు. వంశంలో లేనివాడు రాజు కావడం ఆయనకు కథ మాత్రమే కాదు. ఆరేళ్ళకే, 1491లో, ఆయన కన్నుమూసేనాటికి కొడుకులు చిన్నవాళ్ళు. వాళ్ళను, రాజ్యాన్ని సేనాపతి తుళువ నరసనాయకుడి చేతిలో పెట్టి పోవలసి వచ్చింది. తర్వాత కొన్నేళ్ళకు సింహాసనం తుళువ వంశానికే చేరింది. ఎంత గొప్పవాడైనా ఆఖరికి ఎదుర్కొనే ప్రశ్న అదే. నా తర్వాత ఎవరు, ఎవరి కాపలాలో?

యుయుత్సుడు, వజ్రుడు, పరీక్షిత్తు: మిగిలినవాళ్ళు

ఇప్పుడు భారతం చివరికి వద్దాం. యుద్ధం అయిన ముప్పై ఆరేళ్ళకు యాదవులు నశించారు, శ్రీకృష్ణుడు వెళ్ళిపోయాడు. ధర్మరాజు ఇక చాలనుకుని మహాప్రస్థానానికి సిద్ధమయ్యాడు. వెళ్ళేముందు చేసిన ఏర్పాటు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది.

హస్తినాపురానికి రాజు పరీక్షిత్తు. అభిమన్యుడి కొడుకు, మన ఉత్తర కుమారుడి మేనల్లుడు. అశ్వత్థామ అస్త్రం వల్ల ప్రాణం లేకుండా పుట్టిన బిడ్డ. శ్రీకృష్ణుడు తన సత్యం మీద ఒట్టుపెట్టి బతికించాడు. అంటే ఈ రాజు పుట్టుకతో చచ్చిపోయినవాడు! ఇంద్రప్రస్థానికి రాజు వజ్రుడు, అనిరుద్ధుడి కొడుకు, యాదవ వంశంలో మిగిలిన మొలక. రాజ్యం మొత్తం మీద కాపలా యుయుత్సుడిది. ఎవరీ యుయుత్సుడు? ధృతరాష్ట్రుడికి వైశ్య స్త్రీ వల్ల పుట్టిన కొడుకు. యుద్ధం మొదలయ్యేముందు అన్నదమ్ములను వదిలి ధర్మం వైపు నడిచి వచ్చినవాడు. ధృతరాష్ట్రుడి కొడుకుల్లో బతికి మిగిలింది అతనొక్కడే.

దుర్యోధనుడు తొంభై తొమ్మిది మంది తమ్ముళ్ళు ఉన్నారని మురిసిపోయాడు. చివరికి కురురాజ్యం తాళంచెవి, కౌరవులు లెక్కలోకి కూడా తీసుకోని సవతి తమ్ముడి చేతికి వచ్చింది. అతను దాన్ని తనదని అనుకోలేదు, కాపలా కాశాడు. యుయుత్సుడికి మన గుళ్ళలో వేషం పెద్దగా లేదు, పాట లేదు. కానీ ఎన్నో ఇళ్ళు నిలబడింది ఇలాంటివాళ్ళ వల్లే. అన్న చనిపోతే వదిన పిల్లలు పెద్దయ్యేదాకా పొలం చూసి, లెక్క చెప్పి అప్పగించిన చిన్నాన్నలు మీ ఊళ్ళో కూడా ఉంటారు.

ధర్మరాజు సుభద్రను పిలిచి చెప్పిన మాట కూడా వినండి. నీ మనవడు ఇక్కడ రాజు, వజ్రుడు అక్కడ రాజు, ఇద్దరినీ చూసుకోవాలి, వజ్రుడి విషయంలో మనసు అధర్మం వైపు పోనివ్వకు అన్నాడు. కొడుకును పోగొట్టుకున్న తల్లికి మనవడి మీద ప్రేమ పొంగి, పక్కవాడి భాగం మీదికి కన్ను పోతుందేమోనని ముందే జాగ్రత్త చెప్పాడు. ఆస్తుల గొడవలు చూసినవాళ్ళకు ఈ మాట విలువ తెలుస్తుంది.

ఇక పరీక్షిత్తు. మంచి రాజు. కలిపురుషుడిని నిలదీసినవాడు. అయినా ఒక రోజు వేటలో దాహం వేసి శమీక మహర్షి ఆశ్రమానికి వెళ్ళాడు. ధ్యానంలో ఉన్న ముని పలకలేదు. రాజునైన నన్నే పట్టించుకోడా అనిపించింది. చచ్చిన పామును ముని మెడలో వేసి వచ్చాడు. ముని కొడుకు శృంగి, ఏడు రోజుల్లో తక్షకుడి కాటుతో పోతావని శపించాడు. తమాషా చూడండి, కథ మొదట్లో మెడలో పడింది పూలదండ. ఇక్కడ అదే అధికారం చేతిలో పామై ఇంకొకరి మెడలో పడింది.

అయితే భాగవతంలో పరీక్షిత్తు ఏం చేశాడు? శాపానికి ఎదురు శాపం వెతకలేదు. శృంగిని పట్టి తెమ్మనలేదు. కొడుకు జనమేజయుడికి రాజ్యం అప్పగించి, గంగ ఒడ్డున కూర్చుని, శుకమహర్షి నోట భాగవతం విన్నాడు. ఆయన అలా కూర్చోబట్టే మనకు భాగవతం దక్కింది. పుట్టుకలో శ్రీకృష్ణుడు ఇచ్చిన ప్రాణాన్ని, చివరికి ఆయన కథ వింటూ తిరిగి అప్పగించాడు.

మదనపల్లెలో పుట్టిన పిల్లవాడు

ఇవన్నీ పురాణాలు, నిజంగా ఎక్కడైనా జరుగుతుందా అని మీ ఇంట్లో కుర్రవాళ్ళు అడగొచ్చు. జరిగింది. మన మదనపల్లెలోనే మొదలైంది.

1895 మే నెలలో మదనపల్లెలో జిడ్డు నారాయణయ్య, సంజీవమ్మ దంపతులకు ఎనిమిదో సంతానంగా ఒక మగబిడ్డ పుట్టాడు. ఎనిమిదోవాడు కాబట్టి కృష్ణుడి పేరు పెట్టి కృష్ణమూర్తి అన్నారు. తండ్రి రెవెన్యూ ఉద్యోగి. 1905లో తల్లి పోయింది. పిల్లవాడు జ్వరాలతో బక్కచిక్కి, ఎప్పుడూ ఏదో పరధ్యానంలో ఉండేవాడు. బడిలో పంతుళ్ళు మందబుద్ధి అనుకుని కొట్టేవారు. తండ్రి ఉద్యోగ విరమణ తర్వాత 1909లో మద్రాసు అడయారులోని దివ్యజ్ఞాన సమాజానికి కుటుంబంతో వెళ్ళాడు. అక్కడ సముద్రపు ఒడ్డున ఈ పిల్లవాడిని చూసిన లెడ్‌బీటర్ అనే సమాజపు పెద్ద, రాబోయే జగద్గురువు ఇతనే అన్నాడు.

చూశారా, ఏనుగు దండ! 1911లో ఆయన పేరు మీద ఆర్డర్ ఆఫ్ ది స్టార్ ఇన్ ది ఈస్ట్ అనే సంస్థ పెట్టి, దానికి ఆ పిల్లవాడినే అధిపతిని చేశారు. అనీ బెసెంట్ గారు తల్లిలా చూసుకున్నారు. తండ్రి తన పిల్లలను తిరిగి ఇప్పించమని కోర్టుకు కూడా వెళ్ళాడు. దేశదేశాల్లో వేల మంది సభ్యులు చేరారు. హాలండ్‌లో ఒక కోట, దాని చుట్టూ భూములు కానుకగా వచ్చాయి. మదనపల్లె కుర్రవాడి ముందు పెద్ద పెద్దవాళ్ళు చేతులు కట్టుకుని నిలబడ్డారు.

1925లో ఆయన ప్రాణంలా చూసుకున్న తమ్ముడు నిత్యానంద క్షయతో పోయాడు. తమ్ముడు బతుకుతాడని చుట్టూ ఉన్నవాళ్ళు నమ్మించారు. ఆ దెబ్బ ఆయనలో చాలా మార్చింది. చివరికి 1929 ఆగస్టు 3న, హాలండ్‌లోని ఓమెన్‌లో సుమారు మూడు వేల మంది సభ్యుల ముందు లేచి నిలబడి, ఈ సంస్థను నేను రద్దు చేస్తున్నాను అన్నారు. సత్యానికి దారి వేసి అమ్మే సంస్థ ఉండదని, తనకు అనుచరులు వద్దని ఆయన భావం. కోటను, భూములను ఇచ్చినవాళ్ళకు తిరిగి ఇచ్చేశారు. అప్పటికి ఆయనకు ముప్పై నాలుగేళ్ళు. ఆ తర్వాత 1986లో అమెరికాలోని ఒహాయ్‌లో కన్నుమూసేదాకా ఊరూరా తిరిగి మాట్లాడారు గానీ, పీఠం మాత్రం పెట్టుకోలేదు. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ బడి ఆయన ఆలోచన నుంచి వచ్చిందే.

ఒక సంగతి దాచకుండా చెప్పాలి. కృష్ణమూర్తి గారు గురువును, పూజను, శాస్త్ర ప్రమాణాన్ని ఒప్పుకున్నవారు కాదు. మనం ఇక్కడ చెప్పుకునేవాటిలో చాలా భాగం ఆయన కాదనేవారు. భక్తి మార్గంలో ఉన్న మనం ఆయనతో అన్నిటా ఏకీభవించనక్కర్లేదు. కానీ తనది కాదనిపించిన పీఠాన్ని, జనం కాళ్ళు మొక్కుతున్న సమయంలో వదిలి దిగడం ఎంతమందికి సాధ్యం? నమ్ముకున్న ఎంతోమంది మనసు ఆ రోజు విరిగింది. అయినా అబద్ధపు ఊరట కంటే అదే మేలని ఆయన అనుకున్నారు. ఉత్తరుడు సభలో అన్న మాట, నేను కాదు అన్న మాటే, మన మదనపల్లె మనిషి ప్రపంచం ముందు అన్నారు.

మన ఇళ్ళలో ఈ పాఠం

మనకు రాజ్యాలు రావు. కానీ దండ మాత్రం పడుతూనే ఉంటుంది. నాన్న ఉన్నట్టుండి పోతే టమాటా మండీ లెక్కలు డిగ్రీ చదివే కూతురి చేతికొస్తాయి. అన్న బెంగుళూరులో స్థిరపడితే ఊళ్ళో గుడి ధర్మకర్త పని ఎప్పుడూ మాట్లాడని తమ్ముడి మీద పడుతుంది. పొదుపు సంఘంలో లీడరమ్మ మానుకుంటే చివరి వరుసలో కూర్చునే ఆమె లేచి నిలబడాల్సి వస్తుంది. అలాంటి రోజున మూడు ప్రశ్నలు వేసుకోండి.

ఒకటి, ఇది ఎవరిచ్చారు? ఇచ్చినవాళ్ళకు చేతులు జోడించండి. అధిరథుడి ముందు కర్ణుడిలా పెంచినవాళ్ళ ముందు తల వంచండి. కానీ ఇచ్చినవాళ్ళ పగలు మాత్రం తలకెత్తుకోవద్దు.

రెండు, ఇది ఎవరిది? మండీ ఇంటిల్లిపాదిది, గుడి దేవుడిది, సంఘం సభ్యులది. యుయుత్సుడిలా కాపలాదారుననుకుంటే లెక్క చెప్పడానికి నామోషీ ఉండదు. తెలియనిది తెలిసినవాళ్ళను అడగడానికి, ఉత్తరుడిలా పగ్గాలు పట్టుకుని నేర్చుకోవడానికి సిగ్గు ఉండదు.

మూడు, ఇది ఎవరికి అప్పగిస్తాను? కూర్చున్న రోజే దిగే రోజు గురించి ఆలోచించడం అపశకునం కాదు. ధర్మరాజు ఏర్పాటు చేసి వెళ్ళాడు, పరీక్షిత్తు ఏడు రోజుల్లో సర్దుకున్నాడు. మనకు ఎన్ని రోజులున్నాయో మనకు తెలియదు.

పిల్లలతో మాట్లాడుకోవడానికి ఈ వారం రెండు ప్రశ్నలు. చంద్రహాసుడి స్థానంలో నువ్వుంటే దుష్టబుద్ధిని బతికించమని అడిగేవాడివా? కృష్ణుడి మాట విని కర్ణుడు రాజ్యం తీసుకుని ఉంటే ఏమయ్యేది? జవాబు మీరు చెప్పెయ్యకండి, వాళ్ళను చెప్పనివ్వండి.

ఈ ఏడాది మీ ఊళ్ళో భారతం పెడితే దుర్యోధన వధ అయ్యాక వెంటనే లేచి వచ్చేయకండి. తర్వాత ఏమైంది సామీ అని భాగవతార్ గారిని అడగండి. పరీక్షిత్తు కథ చెప్పమనండి. యుయుత్సుడి పేరు ఒక్కసారైనా పలకమనండి.

వచ్చే వారం వీడియోలో భరతుడు, పాదుకల కథ చెప్పుకుందాం. చేతికొచ్చిన రాజ్యాన్ని పద్నాలుగేళ్ళు వేరొకరి పేరు మీద ఏలిన మనిషి కథ అది.